ఓఓధమ్ కళలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం దక్షిణ భాగంలోనూ, సరిహద్దుకు అవతల మెక్సికోలోని సొనోరాలోనూ ఉండే ఓఓధమ్ ప్రజల కళల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులిస్తున్నాం. సగానికి పైగా ఉత్తరాలు బుట్టల మీదే వచ్చాయి. అందుకే ఎక్కువ చోటు వాటికే ఇచ్చాం.

ప్రశ్న: పాత పుస్తకాల్లో పీమా, పాపగో అని రెండు పేర్లు కనిపిస్తాయి. ఓఓధమ్ అంటే వాళ్లేనా?

జవాబు: వాళ్లే. ఆ రెండూ బయటివాళ్లు పెట్టిన పేర్లు. హీలా, సాల్ట్ నదుల ఒడ్డున వ్యవసాయం చేసుకున్నవాళ్లు అకిమెల్ ఓఓధమ్, అంటే పాత పుస్తకాల్లోని పీమాలు. నదుల్లేని ఎడారిలో వానాకాలపు వరదనీటిని పొలాలకు మళ్లించుకుని బతికినవాళ్లు తొహోనో ఓఓధమ్. పాపగో అన్నది వీళ్లనే. 1986లో తమ ప్రభుత్వం పేరును అధికారికంగా తొహోనో ఓఓధమ్ నేషన్ అని మార్చుకున్నారు. దాని పాలనాకేంద్రం సెల్స్ అనే ఊరు. 1853లో అమెరికా మెక్సికోతో చేసుకున్న గాడ్స్‌డెన్ ఒప్పందం వీళ్ల నేల మధ్యగా గీత గీసింది. ఇవాళ నేషన్ దక్షిణపు అంచున సుమారు 62 మైళ్లు ఆ గీతే. బంధువులు, మొక్కలు ఏరుకునే చోట్లు, యాత్రాస్థలాలు రెండు దేశాల్లోకి చీలిపోయాయి.

ప్రశ్న: తొహోనో ఓఓధమ్ బుట్ట ఎలా అల్లుతారు? ఏ మొక్కలు వాడతారు? ఆ నలుపు రంగు వేసిందేనా?

జవాబు: రంగు వేసింది కాదు. ముందు ఆ మాటే చెప్పాలి, ఎందుకంటే ఈ బుట్టల్లో కనిపించే ప్రతి రంగూ ఏదో ఒక మొక్కకు పుట్టుకతో వచ్చిందే. ఇంకో సంగతి, వీటిని కుడతారు, మన వెదురుబుట్టల్లా అడ్డం నిలువు అల్లరు. గడ్డిని సన్నని కట్టగా పట్టి గుండ్రంగా చుట్టుకుంటూ, ఆకు చీలికతో ఒక్కో చుట్టునూ కిందిచుట్టుకు కుట్టేస్తారు.

లోపలి కట్టకు వాడేది బేర్‌గ్రాస్. ఇది ఎడారి మైదానంలో పెరగదు, కొండవాలుల్లో దొరుకుతుంది. ఆ కొండలు చాలావరకు నేషన్ హద్దులకు బయట ఉన్నాయి. అంటే భూమి యజమాని అనుమతి తీసుకుని, బండి కట్టించుకుని వెళ్లి కోసుకురావాలి. తెచ్చిన ఆకును నిలువుగా సన్నగా చీల్చి ఎండబెడతారు. పైకుట్టుకు వాడేది యుక్కా ఎలాటా ఆకు. వేసవిలో మొక్క నడిమధ్య ఉన్న లేత ఆకుల్ని లాగి, ముళ్ల అంచులు తీసి, చీల్చి, ఎండలో పరుస్తారు. ఎండకు పచ్చదనం పోయి తెల్లబడుతుంది. బయటి ముదురాకును ఎండకు తెల్లబరచకుండా ఉంచితే పసుపు కలిసిన ఆకుపచ్చ వస్తుంది. కొద్దిగా ఎరుపు కావాలంటే బనానా యుక్కా వేరు. దాన్ని పొదుపుగా వాడతారు, వేరు తవ్వితే ముప్పు మొక్కకే కదా.

నలుపు డెవిల్స్ క్లా అనే ఏడాది మొక్కది. దాని కాయ పండాక పైతొక్క ఊడి, రెండు పొడుగాటి వంకర కొమ్ములుగా విచ్చుకుంటుంది. ఆ కొమ్ముల పైపొరే నలుపు. కొమ్ముల్ని నానబెట్టి, మొన దగ్గర కత్తితో గాటు పెట్టి, పళ్లతోనో చేత్తోనో పట్టి మొదలు వరకూ పొరను లాగుతారు. అడవి మొక్కకు కొమ్ము పొట్టి, గింజ నలుపు. ఓఓధమ్ స్త్రీలు పెరటిలో పెంచి, తరాలుగా ఎంచుకుంటూ వచ్చిన రకానికి గింజ తెలుపు, మొలక త్వరగా వస్తుంది, కొమ్ము 30 సెంటీమీటర్లు దాటవచ్చు. కొమ్ము పొడుగైతే పొర పొడుగు, పొర పొడుగైతే అతుకులు తక్కువ. బుట్ట కోసం ఒక పంటనే మలుచుకున్న ఈ పని మాకు బుట్టంత గొప్పగా కనిపిస్తుంది. అరిజోనాలోని టూసాన్ నగరంలో 1983లో మొదలైన నేటివ్ సీడ్స్ సెర్చ్ సంస్థ ఇలాంటి విత్తనాలను కాపాడుతోంది.

కుట్టడానికి కావలసింది ఒకే పనిముట్టు, చెప్పులు కుట్టే ఆర లాంటిది. మొదట నాలుగైదు యుక్కా చీలికల్ని అడ్డం నిలువు వేసి చిన్న చదరపు ముడి చేస్తారు. ఆ ముడి చుట్టూ గడ్డికట్టను తిప్పుతూ, ఆరతో కిందిచుట్టులో రంధ్రం చేసి, చీలిక కొసను దూర్చి బిగిస్తారు. కట్ట సన్నబడుతున్న ప్రతిసారీ రెండు మూడు గడ్డిపరకలు కొత్తవి చేర్చాలి. ఈ చేర్చడంలోనే చేతి అనుభవం తెలిసిపోతుంది.

నమూనా వేయడం లెక్కతో కూడిన పని. బుట్ట ఎంత పెద్దదైనా ఒక్కో చుట్టుకు చుట్టుకొలత సమానంగానే పెరుగుతుంది. కట్ట మందం 6 మిల్లీమీటర్లైతే ప్రతి చుట్టుకూ దాదాపు 38 మిల్లీమీటర్లు. కుట్టుకూ కుట్టుకూ ఎడం 4 మిల్లీమీటర్లు అనుకుంటే చుట్టుకు తొమ్మిది పది కుట్లు కొత్తగా చేరాలి. అయిదు రేకుల గుమ్మడిపువ్వు నమూనా అయితే రేకుకు ఇంచుమించు రెండేసి. కాగితం మీద గీసుకోకుండా ఈ లెక్కను మనసులోనే నడుపుతారు. నాలుగైదు చుట్లు లెక్క తప్పితే చివరి రేకు ఇరుకైపోతుంది, విప్పడం తప్ప దారి ఉండదు.

ప్రశ్న: యుక్కా ఆకుతో చిన్న బుట్ట కుట్టి చూశాను. కుట్టేటప్పుడు బిగుతుగానే ఉంది, ఆరాక కుట్ల మధ్య సందులు పడ్డాయి. అడుగు గిన్నెలా పైకి లేచింది. లోపం ఎక్కడ?

జవాబు: సందులకు కారణం తడి. ఆకు చీలిక నీళ్లలో ఉబ్బి, ఆరాక వెడల్పు తగ్గుతుంది. నీళ్లు కారుతున్న చీలికతో కుడితే ఆ తగ్గుదలంతా సందుగా బయటపడుతుంది. మెత్తబడే దాకా నానబెట్టి, తీసి, తడిగుడ్డలో చుట్టి ఉంచండి. చేతికి చల్లగా తగలాలి, వేలు తడవకూడదు. మరీ ఆరిపోతే వంపు దగ్గర పటుక్కున తెగుతుంది. లోపలి గడ్డిని మాత్రం నానబెట్టొద్దు, అది తడిసి ఆరితే కట్ట మొత్తం వదులవుతుంది. చీలికల వెడల్పు కూడా చూడండి. కుట్టబోయే ముందే కత్తితో గీరి అన్నీ ఒకే వెడల్పుకు తేవాలి.

అడుగు లేవడానికి కారణం కొత్తచుట్టు పాతచుట్టు పక్కన కాకుండా మీదికి ఎక్కడం, లేదా ప్రతి కుట్టునూ అతిగా లాగడం. బల్లపరుపు కావాలంటే ప్రతి రెండు చుట్లకూ బల్ల మీద పెట్టి నొక్కి చూడండి. దీనికి తిరగబడినట్టు అంచు అలలుగా వంకర్లు పోతే కుట్లు వదులుగా ఉన్నాయని, చుట్టులోకి గడ్డి ఎక్కువ పోతోందని అర్థం.

ప్రశ్న: కొన్ని బుట్టల్లో కుట్ల మధ్య గడ్డి కనిపిస్తూ ఉంటుంది. అది నాసిరకమా?

జవాబు: కాదు. దాన్ని చీలుకుట్టు అంటారు. కుట్లను కావాలనే దూరంగా వేసి, ప్రతి కుట్టునూ కింది కుట్టు మధ్యలోంచి గుచ్చి తీస్తారు. కేంద్రం నుంచి అంచుకు కిరణాల్లా గీతలు ఏర్పడతాయి. లోపలి గడ్డి కూడా నమూనాలో భాగమవుతుంది. యుక్కా తక్కువ పడుతుంది, త్వరగా పూర్తవుతుంది, ధర తగ్గుతుంది. 20వ శతాబ్దంలో తొహోనో స్త్రీలు అమ్మకం కోసం విల్లో అనే నీటిపక్క చెట్టు చీలికను వదిలి యుక్కాకు మారడమూ, ఈ కుట్టును పెంచుకోవడమూ ఒకే ఆలోచనలోంచి వచ్చాయి. కొందరు సేకర్తలు దీన్ని పతనం అన్నారు. ఇంటి ఖర్చును తమ చేతిపనితో నడిపిన స్త్రీలు తీసుకున్న నిర్ణయం అది, అందులో మాకు పతనం కనిపించదు. గుర్రం తోకవెంట్రుకలతో నాణెం మీద పట్టేంత బుట్టలు కుట్టడమూ ఇలా పెరిగిన విద్యే. ఇనుప తీగతో బుట్టలు చేసేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: అకిమెల్ ఓఓధమ్ పాత బుట్టలు మ్యూజియంలలో తప్ప ఎందుకు దొరకవు?

జవాబు: నది ఎండిపోయింది కాబట్టి. వాళ్ల బుట్టకు లోపల క్యాట్‌టెయిల్ అనే నీటితుంగ కాడ, పైన విల్లో చీలిక కావాలి. రెండూ నీటిపక్కనే బతుకుతాయి. 19వ శతాబ్దం రెండో సగంలో ఎగువన స్థిరపడిన వలసదారులు హీలా నీటిని తమ కాలువల్లోకి మళ్లించుకున్నారు. అంతకుముందు గోధుమ పండించి సైన్యానికీ బాటసారులకూ అమ్మిన ప్రజలు ఆకలిచావుల పాలయ్యారు. పొలాలతో పాటే విల్లో గుబుర్లూ పోయాయి. నీటి హక్కుల మీద పెద్ద పరిష్కారం 2004 నాటి అరిజోనా నీటి ఒప్పందాల చట్టంతో గానీ రాలేదు. ఇప్పుడు కొన్నిచోట్ల నీళ్లు తిరిగి పారి, గట్ల వెంట మొక్కలు మళ్లీ లేస్తున్నాయి.

ఆ పాత బుట్టపళ్లేల్లో ఒక వివరం చూడండి: నడిమధ్య నల్లటి గుండ్రం, అంచున నల్లటి జడకుట్టు. అందం కోసమే అనిపిస్తుంది. నిజానికి ఎక్కువ అరిగేది అడుగూ అంచూ. విల్లో కంటే డెవిల్స్ క్లా గట్టిది కాబట్టి ఆ రెండు చోట్లా దాన్నే పెట్టారు.

ప్రశ్న: ఈ బుట్టలు ఇంటి వాడకానికేనా, పూజల్లో కూడా వాడతారా?

జవాబు: రెండింటికీ. ధాన్యం చెరగడానికి, పిండి పెట్టుకోవడానికి పళ్లేలు. బరువులు మోయడానికి మాత్రం వేరే పద్ధతి: కిత్తలి నారతో జాలీలా అల్లి, సగ్వారో కాక్టస్ ఎండు ఈనెల చట్రానికి బిగించి, నుదుటి పట్టీతో వీపున వేసుకునే గిహో. ఇది ఇప్పుడు చాలా అరుదు.

జూన్ చివర్లో సగ్వారో పళ్లు పండుతాయి. ఎండిన సగ్వారో ఈనెల్ని ముడివేసి చేసిన పొడవాటి కర్రతో వాటిని దులిపి, గుజ్జును నీళ్లలో ఉడికించి, వడకట్టి, పాకం తీస్తారు. ఆ పాకాన్ని నీళ్లతో కలిపి పులియబెట్టి వాన కోసం జరిపే క్రతువులో తాగుతారు. ఆ పానీయాన్ని పట్టే పాత్రలు బుట్టలే, చుక్క కారనంత బిగువుగా కుట్టినవి. పాటకు తాళం కూడా బుట్టే వేస్తుంది: బోర్లించి దాని మీద గాట్ల కర్రను ఆనించి గీస్తే శబ్దం గుమ్మటంలో మోగినట్టు వస్తుంది. కొన్ని ఇతర క్రతువుల వివరాలు బయటివాళ్లకు చెప్పడం వాళ్లకు ఇష్టం లేదు. అందుకే వాటి గురించి అడిగిన ఉత్తరాలను పక్కన పెట్టాం.

ప్రశ్న: బుట్టల మీద కనిపించే, చిక్కుదారి తలమీద నిలబడ్డ మనిషి బొమ్మ అందంగా ఉంది. టీషర్టుల మీద అచ్చువేసి అమ్ముకోవచ్చా?

జవాబు: వద్దని మా సలహా. అది సృష్టిలో పెద్దన్న ఈఇతొయ్ ఇల్లు. ఆయన బాబోకివారి పర్వతంలో ఉంటాడని తొహోనో ఓఓధమ్ నమ్మకం. చిక్కుదారి అన్నారు గానీ, వేలితో గీసి చూడండి, అందులో తప్పుదారి ఒక్కటీ లేదు. ఒకే దారి మలుపులు తిరుగుతూ మధ్యకు చేరుతుంది. పుట్టుక నుంచి మరణం దాకా మనిషి నడిచే బతుకుదారిగా పెద్దలు దీన్ని చెబుతారు, కుటుంబాన్ని బట్టి వివరణలో తేడాలుంటాయి. ఇలాంటి దారి గుర్తు అరిజోనాలోని కాసా గ్రాండే శిథిల భవనం గోడ మీదా గీసి ఉంది. బుట్టల మీద మాత్రం 20వ శతాబ్దంలోనే విరివిగా వచ్చింది. సాల్ట్ రివర్ పీమా మారికోపా సమాజం అధికార ముద్రలో ఇదే ఉంది. అలాంటి గుర్తును సరుకుగా మార్చే ముందు, దాన్ని తయారు చేసేవాళ్ల దగ్గరే ఒక వస్తువు కొనుక్కోవడం మర్యాద.

చట్టం సంగతీ ఉంది. అమెరికాలో 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, ఆదివాసులు చెయ్యని వస్తువును వాళ్లు చేసినట్టు చెప్పి అమ్మడం నేరం. మొదటిసారి పట్టుబడ్డ వ్యక్తికి 2,50,000 డాలర్ల వరకూ జరిమానా, 5 ఏళ్ల వరకూ జైలు పడవచ్చు. సంస్థకైతే జరిమానా 10 లక్షల డాలర్ల దాకా.

ప్రశ్న: అసలు బుట్టను ఎలా పోల్చుకోవాలి?

జవాబు: విదేశాల్లో చేయించి, ఇవే నమూనాలతో అమ్మే చుట్టబుట్టలు చాలాకాలంగా సంతలో ఉన్నాయి. వెనక్కు తిప్పి నల్లభాగం చూడండి. డెవిల్స్ క్లా నలుపులో కొద్దిగా తేడాలుంటాయి, చీలిక కొస బయటపడ్డ చోట లోపలివైపు లేతరంగు కనిపిస్తుంది. ఆ కొసను తడి దూదితో తాకితే రంగు అంటకూడదు. పక్కన ఉన్న తెల్లకుట్టులోకి నలుపు పాకి ఉంటే అది అద్దకమే. ధర మరీ తక్కువైతే అనుమానించండి. అరచేతి వెడల్పు బుట్టకు, మొక్కలు ఏరడం కలపకుండానే, రోజులు పడతాయి. కుట్టినవారి పేరు, ఊరు, వాడిన మొక్కలు బిల్లు మీద రాయించుకోండి. నిజాయితీగా అమ్మేవాళ్లు ఆ మాటకు నొచ్చుకోరు.

ప్రశ్న: మట్టిపని, గవ్వల పని గురించి కూడా చెప్పండి.

జవాబు: కుండకు సారె లేదు. లోపల నునుపు రాయి ఆనించి, బయట చెక్కబద్దతో కొడుతూ గోడను పలచన చేస్తారు. ఆరుబయట మెస్కీట్ అనే ఎడారి చెట్టు కట్టెలతో కాలుస్తారు. నల్లగీతలు మెస్కీట్ జిగురువి. నీటికడవను నున్నగా మూసెయ్యకుండా చెమ్మ ఊరేలా వదిలేస్తారు, ఆ చెమ్మ ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి.

గవ్వల మీద ఆమ్లంతో చెక్కే విద్య ఓఓధమ్ తమ పూర్వీకులుగా చెప్పుకునే హుహుగమ్ ప్రజలది. వెయ్యేళ్ల కిందటే కాలిఫోర్నియా సింధుశాఖ నుంచి తెచ్చిన గవ్వలకు నమూనా ఉండాల్సిన మేర జిగురు పూసి, పులిసిన సగ్వారో రసం లాంటి పలచని ఆమ్లంలో ఉంచి మిగతా భాగాన్ని తినిపించారని పురాతత్వవేత్తల అంచనా. అలాంటి గవ్వలు వాళ్ల పాత ఊరు స్నేక్‌టౌన్ తవ్వకాల్లో దొరికాయి. సాల్ట్ రివర్‌కు చెందిన జేకబ్ బట్లర్ ఈ పద్ధతిని ఇవాళ మళ్లీ చేతుల్లోకి తెచ్చిన కళాకారుల్లో ఒకరు.

ప్రశ్న: అకార్డియన్, సాక్సఫోన్‌తో వాయించే సంగీతం వాళ్లది ఎలా అవుతుంది?

జవాబు: వాయిద్యం ఎక్కడిదన్నది ఒక్కటే చూస్తే కాదు. మిషనరీల కాలం నుంచి ఫిడేలు నేర్చుకుని, 19వ శతాబ్దంలో పోల్కా, షాటిష్, మజుర్కా అనే యూరప్ నాట్యాల వరసల్ని తమ ఊరి పండుగల్లోకి తెచ్చుకున్నారు. రెండు ఫిడేళ్లు, గిటారు, డోళ్లు అప్పటి మేళం. 20వ శతాబ్దం మధ్యలో అకార్డియన్, సాక్సఫోన్, ఎలక్ట్రిక్ గిటారు వచ్చాయి. దీన్ని వైలా అంటారు. పాట ఉండదు, వాయిద్యమే. జంటలు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతూ, నేలను ఒరుసుకునే నెమ్మది అడుగులతో తెల్లవారేదాకా ఆడతారు. మేళం మధ్యలో ఆగితే ఆట చెడుతుంది, అందుకే వరసలన్నీ పొడుగ్గా సాగుతాయి. గూ ఆచీ ఫిడ్లర్స్ రికార్డింగులతో మొదలుపెట్టి వినండి, పాత ఫిడేలు పద్ధతి తెలుస్తుంది.

ప్రశ్న: ఇటీవలి కాలపు చిత్రకారులు, కవులు ఎవరు?

జవాబు: 1946లో పుట్టిన మైకేల్ చియాగో నీటిరంగులతో సగ్వారో కోత, నాట్యాలు, ఊరి పనులు గీశారు. దుస్తుల్లో, పనిముట్లలో వివరం తప్పకుండా గీస్తారు కాబట్టి అవి పని నేర్చుకోవడానికీ పనికొస్తాయి. లెనర్డ్ చానా చుక్కలు చుక్కలుగా బొమ్మను కట్టిన చిత్రకారుడు. టెరల్ డ్యూ జాన్సన్ బుట్టపనిని సొరకాయ బుర్రలతోనూ, కొత్త ఆకారాలతోనూ కలిపారు. అంతకుమించి, 1996లో తొహోనో ఓఓధమ్ కమ్యూనిటీ యాక్షన్ సంస్థను స్థాపించినవారిలో ఒకరు. కుట్టేవాళ్లకు సరైన ధర రావడం ఆ సంస్థ పెట్టుకున్న పనుల్లో ఒకటి. ఫీనిక్స్ నగరపు గోడల మీద థామస్ 'బ్రీజ్' మార్కస్ వేసే చిత్రాల్లో బుట్టగీతలే కనిపిస్తాయి. కవయిత్రి, భాషావేత్త ఒఫీలియా జెపెడా ఓఓధమ్, ఇంగ్లిష్ రెండింటిలోనూ రాస్తారు. ఆమెకు 1999లో మాక్ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది.

ప్రశ్న: టూసాన్ దగ్గరి సాన్ జేవియర్ చర్చి గోడలకు కాక్టస్ రసం పూశారట, నిజమేనా?

జవాబు: నిజమే. 1783లో మొదలై 1797లో పూర్తయిన ఆ చర్చిని కట్టిన చేతుల్లో ఓఓధమ్‌వి ఎక్కువ. గోడలు ఇటుక, సున్నం. 20వ శతాబ్దంలో పగుళ్లకు సిమెంటు పూశారు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు, లోపల చిక్కిన నీరు ఇటుకను మెత్తబరిచి, లోపలి చిత్రాలను పాడుచేసింది. అందుకని సిమెంటు ఊడదీసి, నాగజెముడు రొట్టెల జిగురు కలిపిన సున్నం పూశారు. ఆ జిగురు నీటిని నిలిపి సున్నాన్ని నిదానంగా గట్టిపడనిస్తుంది, పగుళ్లు తగ్గుతాయి. 1992లో మొదలైన లోపలి చిత్రాల సంరక్షణలో ఊరి ఓఓధమ్ యువకులు శిక్షణ పొంది పనిచేశారు.

ప్రశ్న: నా దగ్గరున్న పాత బుట్ట కింద సన్నని పొడి రాలుతోంది. పురుగేనా? ఏం చెయ్యాలి?

జవాబు: పొడి రోజూ కొత్తగా కనిపిస్తే పురుగే. మందు కొట్టొద్దు, ఎండలోనూ పెట్టొద్దు. ఎండకు యుక్కా పెళుసై పసుపెక్కుతుంది. మెత్తని కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, సున్నాకు 20 డిగ్రీల సెల్సియస్ దిగువన వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వండి. వెంటనే విప్పితే గాలిలోని తేమ బుట్ట మీద నీరై పడుతుంది. తర్వాత మెత్తటి కుంచెతో కుట్టు వెంబడి దులపండి. నీళ్లు తగలనివ్వొద్దు. అంచు పట్టి ఎత్తకండి, గోడమేకుకు తగిలించకండి, రెండు చేతులూ అడుగున పెట్టి ఎత్తండి.

పాత మ్యూజియం సేకరణల నుంచి బయటికి వచ్చిన బుట్ట అయితే ఇంకో జాగ్రత్త. ఆ రోజుల్లో పురుగు పట్టకుండా ఆర్సెనిక్, పాదరసం కలిసిన మందులు వాడేవారు. అలాంటివాటిని చేతితొడుగులతో ముట్టుకోండి, అందులో తినే పదార్థం ఏదీ పెట్టకండి, పిల్లలకు అందనివ్వకండి.